హాలోజన్ డూమ్‌లో జెనాన్ బల్బు వద్దు, ముందు వోల్టేజీ కొలిపించండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక వాహనాల శీర్షికలో ఒక పాఠకుడు తన పాత కారు హెడ్‌లైట్లు రాత్రిపూట చాలడం లేదనీ, ఎదురుగా వచ్చిన వాహనం దాటిపోయాక రోడ్డు అంచు కూడా ఆనడం లేదనీ రాసి, ఏం చేయమంటారని అడిగారు. బజారులో దొరికే జెనాన్ కిట్, అంటే డూమ్‌లోని (హెడ్‌లైటు గూడులోని) మామూలు హాలోజన్ బల్బు తీసేసి దాని చోట వేసే జెనాన్ బల్బుల సెట్టు, బిగించుకుంటే వెలుతురు మూడింతలవుతుందని ఆయనకు సమాధానం ఇచ్చారు. వెలుతురు మూడింతలవుతుందన్న మాట నిజమే కానీ, ఆ వెలుతురు ఎక్కడ పడుతుందన్న సంగతి ఆ సమాధానంలో లేదు. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని మీద బతుకుతున్నవాణ్ణి కనుక, ఆ సలహా చదివి కిట్ కొనడానికి బయలుదేరే పాఠకులు ఒక్క పూట ఆగి తమ బల్బు హోల్డర్ దగ్గర వోల్టేజీ ఎంత ఉందో కొలిపించుకోవాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. విషయం కొంత సాంకేతికమైనది కనుక ఉత్తరం పొడుగైనందుకు మన్నించగలరు.

లైట్లు డల్లుగా ఉన్నాయంటూ మా షెడ్డుకు వచ్చే పాత కార్లలో చాలా వాటికి బల్బులో దోషం ఉండదు, బల్బు దాకా రావలసిన కరెంటు పూర్తిగా రాదు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర దాదాపు 14 వోల్టులు ఉంటాయి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేని పాత కార్లలో ఆ కరెంటు ఫ్యూజు బాక్సు గుండా, స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్ గుండా, సన్నటి తీగల గుండా, ఏళ్ల తరబడి వేడెక్కి నల్లబడిన హోల్డర్ గుండా ప్రయాణించి బల్బును చేరుతుంది. రెండు బల్బులకు కలిపి తొమ్మిది ఆంపియర్ల దాకా పారే ఆ దారిలో ప్రతి అతుకు దగ్గరా కొంత వోల్టేజీ తగ్గిపోతుంది. హాలోజన్ బల్బు కాంతి వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. బల్బు కాంతిని 13.2 వోల్టుల దగ్గర లెక్కగడతారు. అదే బల్బుకు 12 వోల్టులే అందితే కాంతి నూటికి డెబ్బై రెండు పాళ్లకు, 11.4 వోల్టులే అందితే అరవై పాళ్లకు పడిపోతుంది. అంటే రెండు వోల్టులు కూడా తగ్గకుండానే వెలుతురులో నూటికి నలభై పాళ్లు పోతున్నదన్నమాట. కారు యజమాని మాత్రం బల్బు పాతబడిందనుకుంటాడు, లేదా కంపెనీ ఇచ్చిన లైట్లే అంత అనుకుంటాడు.

ఈ పరీక్షకు మల్టీమీటర్ ఒకటి చాలు. ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా, హోల్డర్ వెనుక నుంచి మీటరు సూదులు తగిలించి బల్బుకు అందుతున్న వోల్టేజీ చూడాలి. ఆ తరువాత బ్యాటరీ దగ్గర చూడాలి. రెండింటికీ మధ్య అర వోల్టు మించి తేడా ఉంటే దారిలో ఎక్కడో నష్టం జరుగుతున్నట్లే. బల్బు తీసేసి ఖాళీ హోల్డర్‌లో కొలిస్తే కరెంటు పారడం లేదు కనుక మీటరు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, అప్పుడు వైరింగ్ బాగానే ఉందన్న భ్రమ కలుగుతుంది. మా కుర్రాళ్లు కొత్తలో చేసే పొరపాటు ఇదే. నష్టం తేలితే బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ వేసి, మధ్యలో ఫ్యూజు, ఒక రిలే పెట్టి, పాత తీగను రిలేను కదిలించడానికి మాత్రమే వాడుకోవాలి. దీనికయ్యే ఖర్చు జెనాన్ కిట్ కంటే బాగా తక్కువ. కంపెనీ వేసిన, హైబీమ్‌కూ డిప్‌కూ రెండు ఫిలమెంట్లున్న 60/55 వాట్ల హెచ్4 బల్బే ఆ రాత్రి నుంచి వేరే బల్బులా వెలుగుతుంది. ఎండకు పసుపు తిరిగి మసకబారిన డూమ్ అద్దాన్ని పాలిష్ చేయించుకుంటే మరికొంత వెలుతురు తిరిగి వస్తుంది. ఈ రెండూ చేయించుకున్న వారిలో చాలామంది ఆపైన జెనాన్ ఊసెత్తడం నేను చూడలేదు. వాట్లు పెంచితే చాలుకదా అని 100/90 బల్బు వేయించుకునేవారు మాత్రం దయచేసి ఆ పని మానుకోవాలి. దాని వేడికి హోల్డర్లు కరిగిపోయి, తీగల మీది తొడుగు మాడిపోయిన కార్లు మా దగ్గరకు వస్తూనే ఉంటాయి.

జెనాన్ దీపం మీద నాకు వ్యతిరేకత లేదు. తన కోసం తయారుచేసిన డూమ్‌లో అది చాలా గొప్ప దీపం. అందులో ఫిలమెంటు ఉండదు. క్వార్ట్జ్ గొట్టంలో జెనాన్ వాయువూ, లోహ లవణాలూ నింపి, రెండు టంగ్‌స్టన్ మొనల మధ్య విద్యుత్ చాపం (ఆర్క్, అంటే ఆగకుండా వెలిగే విద్యుత్ మెరుపు) రగిలిస్తారు. ఆ చాపం మొదట రగలడానికి ఇరవై వేల వోల్టులకు పైగా కావాలి. రగిలిన తరువాత, డి2ఎస్ రకం బల్బుకైతే, దాదాపు 85 వోల్టుల ఏసీ కరెంటు సరిపోతుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి ఇదంతా తయారుచేసి ఇచ్చే పెట్టెనే బ్యాలస్ట్ అంటారు. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారులో ఈ దీపాలు మొదటిసారి వచ్చాయి. 35 వాట్ల డి2ఎస్ బల్బు 3200 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే మొత్తం కాంతికి కొలత) కాంతి ఇస్తుంది. మన హెచ్4 బల్బు లోబీమ్‌లో (డిప్‌లో) ఇచ్చేది 1000 ల్యూమెన్లే. అయితే ఇంత కాంతిని అదుపులో పెట్టడానికి ఆ కార్లకు ప్రత్యేకంగా లెక్కగట్టిన డూములే కాక ఇంకా కొన్ని జాగ్రత్తలు విధించారు. ఐక్యరాజ్యసమితి 48వ నంబరు వాహన నిబంధన ప్రకారం 2000 ల్యూమెన్లు దాటిన లోబీమ్ దీపం ఉన్న కారుకు, వెనుక సీట్లో మనుషులు కూర్చున్నా డిక్కీలో బరువు పెట్టినా దీపం తల పైకెత్తకుండా దానంతటదే సర్దుకునే ఏర్పాటు, అద్దం మీది దుమ్మును కడిగే ఏర్పాటు రెండూ ఉండాలి. దుమ్ము పట్టిన అద్దం కాంతిని నలుదిక్కులా చిమ్ముతుంది కనుకనే రెండోది పెట్టారు. మన రోడ్ల దుమ్ము సంగతి నేను చెప్పనక్కరలేదు. బజారు కిట్‌లో ఈ రెండింటిలో ఒక్కటీ ఉండదు, రెండు బల్బులూ రెండు బ్యాలస్టులూ కొంత తీగా మాత్రమే ఉంటాయి.

ఇక అసలు చిక్కు డూమ్ లోపల ఉంది. ఆల్టో, వ్యాగన్ఆర్ వంటి మన చిన్న కార్లలో చాలా వాటికి ఉన్నది హెచ్4 రిఫ్లెక్టర్, అంటే బల్బు కాంతిని ముందుకు తిప్పే అద్దంలాంటి గిన్నె. హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే లోబీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప కనిపిస్తుంది. ఫిలమెంటు నుంచి కిందికి వెళ్లే కాంతి రిఫ్లెక్టర్ అడుగుభాగానికి తగిలితే అక్కడి నుంచి పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఆ కాంతిని అడ్డుకోవడమే ఆ దొప్ప పని. గోడ మీద మనకు కనిపించే వెలుగు-చీకటి గీత, ఎడమవైపు నడకదారి కనిపించేలా కొంచెం పైకి లేచే వాలు, రెండూ ఆ దొప్ప అంచు నుంచి పుట్టినవే. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ ఫిలమెంటు పొడవుకు, లావుకు, అది ఉన్న చోటుకు లెక్కగట్టి చేసినది. జెనాన్ చాపం ఆకారం వేరు. అది కొంచెం పైకి వంగి ఉంటుంది, దాని రెండు కొసలూ నడిమి భాగం కంటే ఎక్కువగా మెరుస్తాయి. కిట్ తయారుచేసేవారు ఆ బల్బుకు హెచ్4 కాలర్ తగిలించి, అది మన డూమ్‌లో కూర్చునేలా మాత్రం చేస్తారు. చెంబు మూత బిందె మీద పెట్టినట్లు అది కూర్చుంటుంది కానీ అమరదు.

అమరకపోతే ఎంత తేడా వస్తుందో లెక్క చెబుతాను. రిఫ్లెక్టర్ నాభి దూరం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. కాంతి పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే కిరణం రెండు డిగ్రీలకు పైగా తప్పుతుంది. యాభై మీటర్ల దూరానికి వెళ్లేసరికి ఆ తేడా రెండు మీటర్లవుతుంది. రోడ్డు మీద పడవలసిన వెలుతురు ఎదుటి డ్రైవరు ముఖం మీద పడడానికి అంతకంటే తక్కువ తేడా చాలు. చవక కిట్లలో బల్బుకూ బల్బుకూ మధ్యనే మిల్లీమీటరు తేడా ఉండడం నేను చాలాసార్లు గమనించాను. హెచ్4 కిట్‌లో హైబీమ్‌కు, లోబీమ్‌కు వేర్వేరు దీపాలు ఉండవు. ఒకే బల్బును చిన్న అయస్కాంతపు మీట ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఆ మీట దుమ్ముకు బిగుసుకుపోయి హైబీమ్ స్థానంలోనే నిలిచిపోతే, డ్రైవరు డిప్ చేశాననుకుంటాడు, ఎదుటివాడికి మాత్రం పూర్తి వెలుతురు తగులుతూనే ఉంటుంది. ప్రొజెక్టర్ లెన్సు ఉన్న డూములలో కాంతిని కోసే రేకు డూమ్‌లోనే ఉంటుంది కనుక గీత కొంతవరకు నిలుస్తుంది. అయినా హాలోజన్ కోసం చేసిన ప్రొజెక్టర్‌లో జెనాన్ వేస్తే వెలుగంతా కారు ముందర పదిహేను ఇరవై మీటర్లలో ముద్దగా పడి, దూరం మునుపటి కంటే చీకటిగా అనిపించడం మామూలే. దగ్గరి వెలుగుకు అలవాటుపడిన కన్ను దూరపు చీకటిని చీల్చలేదు. ఇవన్నీ ఆలోచించే అమెరికా రహదారి భద్రతా సంస్థ, హాలోజన్ డూమ్‌లో జెనాన్ కిట్ వేస్తే అక్కడి ప్రమాణాలకు సరిపోయే మార్గమే లేదని తేల్చి చెప్పింది. అక్కడ ఉండే మన పిల్లలు పాత కారు కొని ఇలాంటి కిట్ వేయించుకోవాలనుకుంటే వారికీ ఈ విషయం తెలియాలి.

ఈ వెలుతురు ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు ఇరవై రెండు మీటర్లు కదులుతుంది. ఎదుటి వెలుతురుకు రెండు సెకన్లు కళ్లు బైర్లు కమ్మితే నలభై నాలుగు మీటర్లు గుడ్డిగా వెళ్లినట్లే. డివైడర్ ఉన్న జాతీయ రహదారి మీద మధ్యలో పెంచిన మొక్కలు కొంత కాపాడతాయి. డివైడర్ లేని రాష్ట్ర రహదారుల మీద, పంచాయతీరాజ్ రోడ్ల మీద ఆ రక్షణ లేదు. కోతల కాలంలో ఆ రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. వెనుక ఎర్ర స్టిక్కరు కూడా లేని ట్రాక్టరు ట్రక్కు పంక్చరై పక్కన ఆగి ఉంటుంది. పొలం నుంచి ఇంటికి వెళ్లే గేదెలు ఉంటాయి. ద్విచక్ర వాహనం మీద వచ్చే మనిషికి తన ముందున్న ఆ రాళ్లు కనిపించకుండా చేస్తున్నది ఎదురుగా వచ్చే కారు లైటే. కంటిలో పొర వస్తున్న పెద్దవయసు వారికి ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే మసకబారిన కంటి కటకం లోపల కాంతి చెదిరిపోతుంది, చూపు తిరిగి కుదుటపడడానికీ వారికి ఎక్కువ సమయం పడుతుంది. కిట్ వేయించుకున్న మనిషికి ఇదేమీ కనిపించదు. తన రోడ్డు తెల్లగా మెరుస్తుంటుంది, బాగుందనుకుంటాడు. ఈ పనిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 106వ నియమం ప్రకారం, దీపానికి ఎనిమిది మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి మిరుమిట్లు గొలపకుండా ముందు దీపం కిందికి వంగి ఉండాలి. ఎవరి కారును వారే ఖాళీ స్థలంలో నిలిపి, కొలిచి నిలబడి, ఈ పరీక్ష చేసుకోవచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విడిభాగాలు బిగించి వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. కొత్త కారు వైరింగ్ కోసి ఇలాంటివి తగిలిస్తే కంపెనీ వారంటీ ఇవ్వననడం సర్వసాధారణం. కిట్ అమ్మే దుకాణంలో ఈ మాట చెప్పేవారిని నేను ఇంతవరకు చూడలేదు.

అయినా ఇప్పటికే బిగించుకున్న కార్లు మన రోడ్ల మీద చాలా ఉన్నాయి. తమ కారు పై రకం మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన జెనాన్ ప్రొజెక్టర్ డూమ్‌ను మొత్తంగా తెచ్చి వేయించుకున్నవారు కూడా కొందరున్నారు. అనుమతి విషయం వారు రవాణా కార్యాలయంలో తేల్చుకోవలసిందే కానీ, దీపం పరంగా అది డూమ్‌లో బల్బు మార్చడం కంటే ఎన్నో రెట్లు సరైన పద్ధతి. వీరిద్దరి కోసం, బిగింపులోనూ మరమ్మతులోనూ జరిగే తప్పుల గురించి కొంత రాస్తాను.

జెనాన్ కారులో వచ్చే ఫిర్యాదుల్లో ముందు వరసలో ఉండేది లైటు మిణుకుమనడం, లేదా వెలిగి ఆరిపోవడం. చాలామంది వెంటనే బ్యాలస్ట్ పోయిందని కొత్తది కొంటారు. నిజానికి బ్యాలస్ట్ గుణం తెలిస్తే తప్పు ఎక్కడుందో ఊహించవచ్చు. నిలకడగా వెలిగేటప్పుడు 35 వాట్ల బ్యాలస్ట్ తీసుకునేది మూడు మూడున్నర ఆంపియర్లే, హాలోజన్ కంటే తక్కువ. కానీ చాపం రగిలి వేడెక్కే మొదటి కొద్ది సెకన్లలో దానికి రెండు మూడింతల కరెంటు కావాలి. పైగా హాలోజన్ బల్బులా వోల్టేజీ తగ్గితే తనూ తగ్గి ఊరుకునే స్వభావం దానికి లేదు. బల్బుకు ఇవ్వవలసిన శక్తిని నిలబెట్టడం కోసం వోల్టేజీ తగ్గిన కొద్దీ మరింత కరెంటు లాగుతుంది. పాత స్విచ్ నుంచి, పాత తీగ నుంచి అంత కరెంటు లాగితే వోల్టేజీ ఇంకా పడిపోతుంది, ఒక హద్దు దాటగానే బ్యాలస్ట్ తనను తాను ఆపుకుంటుంది. ఆగగానే లాగుడు తగ్గి వోల్టేజీ మళ్లీ లేస్తుంది, అది మళ్లీ రగిలించబోతుంది. మనకు కనిపించే మిణుకు ఇదే. ఇందాక పాత హాలోజన్ లైట్లను డల్లు చేసిన వైరింగే ఇక్కడ జెనాన్‌ను ఆర్పుతున్నదని గమనించాలి. ఆ వైరింగ్ సరిచేయకుండా బ్యాలస్ట్ మారిస్తే కొత్తదీ అదే పని చేస్తుంది.

కనుక బిగింపులో మొదట చేయవలసింది రిలే హార్నెస్, అంటే రిలేతో కూడిన తీగల కట్ట. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. దాని నుంచి తీగ రిలే మీద 30 అంకె ఉన్న కాలుకు (పిన్నుకు), 87 అంకె ఉన్న కాలు నుంచి బ్యాలస్టులకు, పాత హెడ్‌లైటు కనెక్టర్ నుంచి వచ్చే సంకేతం 85, 86 కాళ్లకు వెళ్లాలి. ఎర్త్ తీగను రంగు గోకి తళతళలాడే లోహానికి బోల్టుతో బిగించాలి, లేదా నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు తేవాలి. పెయింటు మీద బిగించిన ఎర్త్ వల్ల వచ్చే తగాదాలు నేను చెప్పలేనన్ని. ఇంకొక చిక్కు ఉంది. జపాన్ పద్ధతిలో వైరింగ్ చేసిన కొన్ని కార్లలో హెచ్4 హోల్డర్ ఉమ్మడి కాలుకు పాజిటివ్ వస్తుంది, స్విచ్ పని చేసేది ఎర్త్ వైపు. ఉమ్మడి కాలు ఎర్త్ అనుకుని తగిలిస్తే రిలే లాగదు, లేదా హైబీమ్ మారదు. ముందుగా మీటరుతో ఏ కాలులో ఏముందో చూసుకుంటే ఈ గందరగోళం ఉండదు. వేగంగా ఆగి వెలిగే కరెంటును కంప్యూటర్ ద్వారా హెడ్‌లైట్లకు ఇచ్చే కొత్త కార్లలో మామూలు రిలే గలగలమంటుంది, డ్యాష్‌బోర్డు మీద బల్బు పోయిందన్న హెచ్చరిక వెలుగుతుంది. దానికి డీకోడర్లని పెట్టెలు అమ్ముతారు. అవి కొన్నింటిలో పనిచేస్తాయి, కొన్నింటిలో చేయవు. అటువంటి కార్లకు ఈ పని చేయనని నేను వచ్చినవారికి చెప్పి పంపుతాను.

ఒకవైపు లైటు మాత్రమే వెలగకపోతే డబ్బు ఖర్చు పెట్టకుండానే తప్పు పట్టుకోవచ్చు. స్విచ్ ఆపి, ఫ్యూజు తీసి, కొన్ని నిమిషాలు ఆగిన తరువాత, కుడి ఎడమ బల్బులను అటూ ఇటూ మార్చాలి. తప్పు బల్బుతో పాటే అవతలి వైపుకు వెళితే బల్బు పోయింది. వెళ్లకుండా ఉన్నచోటే ఉంటే బ్యాలస్టులను మార్చి చూడాలి. అప్పుడూ కదలకపోతే ఆ వైపు తీగలోనో ఎర్త్‌లోనో దోషం ఉన్నట్లు. రెండూ ఒకేసారి వెలగకపోతే ఫ్యూజు, రిలే, సంకేతపు తీగ చూడాలి. బాగా వెలుగుతూ గులాబీ, ఊదా రంగులకు తిరిగి, కొంతసేపటికి ఆరిపోయే బల్బు ఆయుష్షు తీరిందని అర్థం. దానికి జతగా రెండోదీ మార్చకపోతే రెండు కళ్లూ రెండు రంగులుగా ఉంటాయి. లైటు వేయగానే రేడియోలో గరగర వినిపిస్తే బ్యాలస్ట్ నుంచి బల్బుకు వెళ్లే తీగను ఏరియల్ తీగకు దూరంగా జరపాలి, దాని తొడుగు చిరిగిందేమో చూడాలి. స్టార్టర్ తిప్పేటప్పుడు వోల్టేజీ బాగా పడుతుంది కనుక ఇంజను స్టార్టయ్యాకే లైట్లు వేయడం అలవాటు చేసుకోవాలి. లైటు వెలుగుతుండగా కనెక్టర్ ఊడదీయడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఇరవై వేల వోల్టుల దెబ్బ ప్రాణాల మీదికి తేగలదు.

బల్బు గాజును వట్టి వేళ్లతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడికి దెబ్బతింటుంది. డూమ్ వెనుక రబ్బరు మూతకు రంధ్రం చేసి తీగ బయటకు తెచ్చి, ఆ రంధ్రాన్ని మూయకుండా వదిలేసే బిగింపులు చాలా ఉన్నాయి. ఒక వానాకాలం గడిచేసరికి లోపల నీటి బొట్లు చేరి, రిఫ్లెక్టర్ మీది అల్యూమినియం పూత మచ్చలు పడుతుంది. అప్పుడు డూమ్ మొత్తం మార్చడం తప్ప మార్గం లేదు. బ్యాలస్ట్‌ను రేడియేటర్ వేడికి, చక్రం చిమ్మే నీటికి దూరంగా బ్రాకెట్‌తో బిగించాలి, ప్లాస్టిక్ ట్యాగులతో వేలాడదీయకూడదు. డి1, డి2 రకాల బల్బులలో పాదరసం ఉంటుంది కనుక పగిలినవాటిని పిల్లలకు అందేచోట పడేయరాదు.

బిగింపు ఎంత బాగున్నా లైటు గురి సరిచేయకపోతే పని సగమే అయినట్లు. టైర్లలో గాలి సరిగా ఉంచి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, డ్యాష్‌బోర్డు మీద లెవెల్ స్విచ్ ఉంటే సున్నా దగ్గర పెట్టి, చదునైన నేల మీద గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలపాలి. దీపం నడిమి భాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గుర్తు పెట్టుకోవాలి. లోబీమ్ వెలుగు గీత ఆ గుర్తుకు పది సెంటీమీటర్ల కింద పడేలా డూమ్ వెనుక మరలు తిప్పాలి. హాలోజన్ డూమ్‌లో జెనాన్ వేసిన కార్లకు ఈ పని చేయబోతే చాలాసార్లు గీతే కనిపించదు, గోడంతా తెల్లగా అలుముకుంటుంది. గీత లేని దీపానికి గురి పెట్టడం అసాధ్యం. అలాంటి కారు యజమానికి నేను చెప్పేది కిట్ తీయించేయమనే. మరలు బాగా కిందికి తిప్పి వదిలేస్తే ఎదుటివాడికి కొంత ఉపశమనం ఉంటుంది కానీ మనకు ముప్పై మీటర్ల అవతల ఏమీ కనిపించదు.

రంగు విషయంలో మన కుర్రవాళ్లకు ఉన్న మోజు గురించి ఒక మాట. కంపెనీ అమర్చిన జెనాన్ దీపాల రంగు 4300 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. దుకాణాలలో 6000, 8000 అని అమ్మే నీలిరంగు బల్బులు ఎక్కువ వెలుగు ఇస్తాయని నమ్ముతున్నారు. ఆ అంకె వెలుగుకు కొలత కాదు, రంగుకు కొలత. అది పెరిగిన కొద్దీ బల్బు ఇచ్చే కాంతి తగ్గుతుంది, కంటికి చురుకు మాత్రం ఎక్కువవుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కృష్ణా, గోదావరి డెల్టా రోడ్ల మీద మంచు కమ్మినప్పుడు ఆ నీలి వెలుగు వేసుకున్నవారికి ఎదుట తెల్లటి తెర తప్ప రోడ్డు కనిపించదు. ఇంకొకటి, జెనాన్ దీపం స్విచ్ వేయగానే పూర్తిగా వెలగదు, కొన్ని సెకన్లు పడుతుంది. ఓవర్‌టేక్ చేస్తూ ఒక్కసారి లైటు కొట్టి హెచ్చరించే అలవాటు మనకు ఉంది. ఆరి ఉన్న జెనాన్‌తో ఆ హెచ్చరిక ఇవ్వడం కుదరదు.

రవాణా శాఖ వారికి ఒక విన్నపం. లారీలు, బస్సులు, టాక్సీలు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్‌కు వస్తాయి. సొంత కారు ఒకసారి రిజిస్టరయ్యాక పదిహేనేళ్ల దాకా బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందుకు రానక్కరలేదు. ఆ పదిహేనేళ్లలో దాని లైట్లు ఎటు చూస్తున్నాయో అడిగేవారే లేరు. ఫిట్‌నెస్ పరీక్షా కేంద్రాలలో హెడ్‌లైటు గురి కొలిచే యంత్రం ఉన్నచోట, స్వచ్ఛందంగా వచ్చే సొంత కార్లకూ స్వల్ప రుసుముతో ఆ పరీక్ష చేసి కాగితం ఇచ్చే ఏర్పాటు చేస్తే, ఆ కాగితం పట్టుకుని వచ్చినవారికి సరిచేసి పంపడం మావంటి వారికి తేలిక అవుతుంది. రోడ్డు మీద తనిఖీ చేసే పోలీసులు కూడా జెనాన్ కనిపించిన ప్రతి కారునూ ఒకే గాటన కట్టకుండా, కంపెనీ డూమ్‌లో ఉన్నదా, హాలోజన్ డూమ్‌లో దూర్చినదా అన్నది డూమ్ మీది ముద్ర చూసి తెలుసుకోవాలి. హాలోజన్ కోసం చేసిన డూమ్ మీద హెచ్ అక్షరంతో మొదలయ్యే ముద్ర, జెనాన్ కోసం చేసిన దాని మీద డి అక్షరంతో మొదలయ్యే ముద్ర ఉంటాయి.

మీ శీర్షికలో ప్రశ్న అడిగిన ఆ పాఠకునికి ఈ వివరాలు చేరేలా, వీలైతే వచ్చే ఆదివారమే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆయన ఈలోగా కిట్ కొని ఉంటే డబ్బా విప్పకుండా దుకాణంలో తిరిగి ఇచ్చేసి, ఆ సొమ్ములో కొంతతో రిలే వేయించుకోవచ్చు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ.